నాలుగో నంబరు ముద్ర

పోయిన వారం నమూనాల గదిలో ఒక చిన్న సీసా నా చేతికి దొరికిన దగ్గర ఆపాను. ఆ సీసా ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే వెనక జరిగింది ఒకసారి చెప్పుకోవాలి.

మా ఫ్యాక్టరీలో ద్రావకాల్లో మిగిలిన తడిని లాగేయడానికి ఒక తెల్లటి పొడి వాడతారు. ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ దాని పేరు. వాడగా వాడగా అది తడి పీల్చుకుని పనికిరాకుండా పోతుంది. ఆ పాత పొడిని డ్రమ్ముల్లోకి ఎత్తి కడిగే యార్డుకు పంపుతారు. అక్కడ మా అన్న నీళ్ళ పైపుతో డ్రమ్ములు కడుగుతాడు. పొడి పూర్తిగా తడిసిపోయిందని ల్యాబు వాళ్ళు పరీక్ష చేసి డ్రమ్ముకు చీటీ కట్టాకే అన్న పైపు విప్పాలి. చీటీ మీద పరీక్ష చేసినవాళ్ళ నంబరు ముద్ర ఉంటుంది. ల్యాబులో నాది నాలుగో నంబరు.

తొమ్మిది రోజుల కిందట అన్న ఐదో డ్రమ్ములోకి నీళ్ళు వదిలాడు. లోపల పొడి ఇంకా ఎండుగానే ఉంది. డ్రమ్ము బుస్సుమని పొంగి, మరుగుతున్న ఆమ్లం అన్న ముఖం మీద చిమ్మింది. ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను సంగతి ఇప్పుడే చెప్పలేమని డాక్టరు గారు కట్టు కట్టి ఇంటికి పంపారు. చీటీ లేని డ్రమ్మును అన్న తొందరపడి కడిగేశాడని ఫ్యాక్టరీ అంటోంది. డ్రమ్ముకు చీటీ కనబడని మాట నిజమే. రేపు పదింటికి విచారణ. తప్పు అన్నదేనని తేలితే ఉద్యోగం పోతుంది. దాంతోపాటు ఫ్యాక్టరీ చేయిస్తున్న కంటి వైద్యమూ ఆగిపోతుంది. నేనడిగినా, వదిన అడిగినా అన్న “ఏమో, గుర్తు లేదు” అని గోడవైపు తిరిగి పడుకుంటాడు.

పరీక్ష చేసిన ప్రతి డ్రమ్ములోంచీ చెంచాడు నమూనా తీసి, సీసాలో పోసి, నెల రోజులు దాచడం మా పద్ధతి. చీటీ లేదంటున్న ఐదో డ్రమ్ముకు అల్మరాలో సీసా ఉంది. సీసా మీద తేదీ ఉంది, డ్రమ్ము సంఖ్య ఉంది, కింద నాలుగో నంబరు ముద్ర ఉంది.

కానీ ఆ డ్రమ్మును నేను పరీక్ష చేయలేదు.

*

సీసాను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఒంపి చూశాను. లోపలిది సీసా గోడ పట్టుకుని నెమ్మదిగా జారింది. తేనెలాంటి జిగురు. పొడి ఒక్క రేణువు కూడా లేదు.

ఈ పొడితో పని చేసేవాళ్ళకు ఒక సంగతి తెలుసు. డ్రమ్ము మూత తీసి ఉంచితే గాలిలోని తడి ముందు పైపొరకు తగులుతుంది. పైపొర ఆమ్లంగా మారి, జిగురు జిగురుగా పెచ్చు కడుతుంది. ఆ పెచ్చే మూతలా పనిచేసి కిందికి తడి పోనివ్వదు. పైన చూస్తే అంతా అయిపోయినట్టు ఉంటుంది. జానెడు లోతుకు వెళితే పొడి మొదటి రోజు ఉన్నట్టే ఉంటుంది. అందుకే మేము పొడవాటి గాజు గొట్టాన్ని డ్రమ్ము అడుగు తగిలేదాకా దింపి, పై నుంచి కింది దాకా ఉన్నదంతా కలిసేలా నమూనా తీస్తాం. దాన్ని నీళ్ళలో వేసి థర్మామీటరు పెడతాం. వేడి రెండు డిగ్రీలు దాటకపోతే చీటీ కడతాం. నేను తీసిన ఏ నమూనాలోనైనా జిగురుతోపాటు ఎంతో కొంత పొడి, ఉండలు కనబడతాయి. ఉత్త జిగురు ఉందంటే ఎవరో పైపైన చెంచాతో గీకి తీశారన్నమాట.

ఆ రోజు పొద్దున నా వంతు ఏడు డ్రమ్ములు. నాలుగు పూర్తయ్యేసరికి పన్నెండయింది. పన్నెండున్నర బస్సు దొరక్కపోతే యూనివర్సిటీ ఆఫీసు మూసేస్తారు. నా డిగ్రీ సర్టిఫికెట్టు అక్కడ ఏడాదిగా పడి ఉంది. “ఇంకెన్నాళ్ళే? నా కళ్ళతో నేను చూడొద్దా?” అని అన్న రోజూ పోరు పెడుతున్నాడు. ఇవాళ కుదిరేలా లేదని నేను గాజు గొట్టం కడుక్కుంటుంటే, మాస్టారు వచ్చి నా చేతిలోంచి గొట్టం తీసుకున్నారు.

“వెళ్ళు తల్లీ. మిగిలిన మూడూ నేను చూసుకుంటాను. సెలవు చీటీ కూడా వద్దులే, ఒక్కపూట పనికి.”

మా ల్యాబుకు ఆయన పెద్ద. ఫ్యాక్టరీలో ఎవరూ ఆయన్ను సార్ అనరు, మాస్టారే అంటారు. ముద్ర సొరుగులో పెట్టి, ఆయన కాళ్ళకు దండం పెట్టినంత పని చేసి పరిగెత్తాను.

సీసా చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు ఇదంతా వరసగా గుర్తొచ్చింది. అన్నను ఆసుపత్రిలో చేర్చిన రోజు నుంచి మాస్టారు ఐదో డ్రమ్ము చూడకముందే ఎవరో కడగమన్నారనుకుని యార్డు గుమాస్తాను అనుమానించాను, డ్రమ్ములు మోసే వాళ్ళను అనుమానించాను. ఆ అనుమానాలన్నీ ప్రతి సాయంత్రం కూర్చుని మాస్టారితోనే చెప్పుకున్నాను. ఆయన ఓపిగ్గా విని, “ఆలోచిద్దాం తల్లీ” అని ఇంటికి పంపేవారు.

ఆరో డ్రమ్ము, ఏడో డ్రమ్ము ఇంకా యార్డులోనే ఉన్నాయి. వాటిని చూస్తే తేలిపోతుందని యార్డు గేటు దగ్గరికి వెళ్ళాను. తాళాలు చూసుకునే పంపు బాబాయి స్టూలు మీద కూర్చుని చెవిలో అగ్గిపుల్ల తిప్పుకుంటున్నాడు.

“బాబాయ్, రెండే రెండు నిమిషాలు. తాళం తియ్యవా?”

“తాళం నా దగ్గరుందమ్మడూ, దాని మీద పెత్తనం మాత్రం పై వాళ్ళ దగ్గరుంది” అన్నాడు. “విచారణ కాగితం మీద సంతకం పడిందాకా చీమ కూడా లోపలికి పోకూడదంట. చీమలు మాత్రం నా మాట వినకుండా పోతున్నాయనుకో.”

“ఆ రెండు డ్రమ్ములకీ చీటీలున్నాయా?”

“ఆ చివర గోడవారనున్నవేగా? ఎందుకు లేవు! నీ ముద్రే పడుంది. నీ నంబరుంటే మేము రెండోసారి చూడం కదమ్మా.”

నవ్వుతూనే అన్నాడు.  తిరిగి నమూనాల గదికి వచ్చేశాను.

*

“తలుపు బార్లా తీసి పెడితే గాలిలో తడంతా లోపలికొస్తుందని ఎన్నిసార్లు చెప్పాలి తల్లీ?”

మాస్టారు రెండు గ్లాసుల టీ తెచ్చారు. ఒకటి నా ముందు పెట్టారు. మోచేత్తో తలుపు మూశారు. మూడు గంటలవుతోంది. పక్క హాల్లో గాజుసామాను కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

ఎలా మొదలు పెట్టాలో తెలియలేదు. ఆయన్ను నిలదీయడం నాకు అలవాటు లేదు. అలవాటున్నది అడగడమే. పద్నాలుగో ఏట నుంచీ ఆయన్ను అడుగుతూనే పెరిగాను.

“మాస్టారూ, ఈ నమూనా ఎక్కణ్నుంచి తీసిందో చూసి చెప్పగలరా?”

సీసా అందుకుని వెలుతురుకు పట్టారు. కళ్ళజోడు పైకి తోసుకుని, ఒంపి చూశారు. సీసా మీద కాగితం నా వైపు తిరిగి ఉండడం వల్ల ఆయనకు మొదట కనబడలేదు.

“పైపొర. ఉత్త పెచ్చు” అన్నారు వెంటనే. “పొడి రేణువు లేదు చూడు. ఇదంతా నీళ్ళు తాగేసి ఆమ్లం అయిపోయింది. దీన్ని బీకర్లో వేసినా థర్మామీటరు కదలదు. కింద మాత్రం…”

ఆగిపోయారు. కాగితం తిప్పి చూసుకున్నారు.

రసాయనశాస్త్రం ప్రశ్నకు తప్పు జవాబు చెప్పడం ఆయనకు చేతకాదు. ఎన్నేళ్ళయినా ఆ ఒక్కటీ మారలేదు. అది తెలిసే అలా అడిగాను. అందుకు నాకు ఇప్పటికీ కొంచెం సిగ్గుగానే ఉంది.

“కింద మాస్టారూ?”

“కింద ఎండుగా ఉండొచ్చు.”

“ఉంది. మా అన్న కంట్లో పడింది అదే.”

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. టీ గ్లాసు అటూ ఇటూ జరిపారు.

“భుజం పట్టేసింది తల్లీ ఆ రోజు. చెయ్యి పైకి లేవలేదు. గొట్టం అడుగుదాకా దింపలేకపోయాను. చెంచాతో తీశాను. వేడి ఒక డిగ్రీ కూడా పెరగలేదు. సరేలే అనుకున్నాను.”

“పెచ్చు వేడెక్కదని మీరేగా ఇప్పుడు చెప్పారు?”

“నీకు చెప్పేటప్పుడు తెలుసు. నేను చేసేటప్పుడు…” చేత్తో గాలిలో ఏదో తుడిచేసినట్టు ఊపారు. “ముప్పై నాలుగేళ్ళు తల్లీ. ఒక్కరోజు.”

“ఒక్కరోజు కాదు మాస్టారూ. మూడు డ్రమ్ములు. ఆరూ ఏడూ కూడా చెంచాతోనే తీశారా?”

ఆయన భుజం పట్టుకుని రుద్దుకున్నారు. అంటే తీశారన్నమాటే.

“నా నంబరు ఎందుకు వేశారు?”

“నీ వరసలో డ్రమ్ములు కదమ్మా. ఒక వరసకు ఒకటే నంబరు పడాలి, లేకపోతే స్టోరు వాళ్ళు తిప్పి పంపుతారు. నీకు తెలియంది కాదు. అందులో దురుద్దేశం లేదు. నీ పని నీ లెక్కలోనే ఉండాలనుకున్నా.”

అంతవరకూ నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. మనిషికి భుజం నొప్పి రావచ్చు, బద్ధకం కలగవచ్చు. అంతటితో ఆగి, మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వచ్చి “నా వల్ల జరిగింది” అని ఉంటే, మా అన్న ఆ ఒక్క కంటితోనే ఆయన్ను చూసి “పోన్లెండి మాస్టారూ” అని ఉండేవాడు. మా అన్న సంగతి నాకు తెలుసు.

“చీటీ ఏమైంది?” అన్నాను.

ఆయన కిటికీ వైపు చూశారు.

“ఎవరు విప్పారు మాస్టారూ?”

“మీ అన్నను అందరూ ఎత్తుకుని ట్యాప్ కిందికి తీసుకెళ్తున్నారు. ఎవరూ డ్రమ్మువైపు చూడ్డంలేదు. నాకు ఏమైందో నాకే తెలియదు. దారం ముడి విప్పి జేబులో పెట్టుకున్నాను.”

“మా అన్న అరుస్తున్నాడా అప్పుడు?”

“తల్లీ…”

“అరుస్తున్నాడా అని అడుగుతున్నా.”

“అరుస్తున్నాడు.”

పక్క హాల్లో ఏదో సీసా పగిలింది. ఎవరో ఎవర్నో తిట్టారు, ఎవరో నవ్వారు. మామూలు మధ్యాహ్నంలాగే ఉంది.

“ల్యాబుకొచ్చి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేశాను” అన్నారు ఆయన మెల్లగా. “కాగితంలో ఉన్న నీళ్ళన్నీ అది లాగేసుకుంటుంది కదా. నల్లగా ఇంత మసి మిగిలింది. కడిగేశాను.”

అప్పుడు కూడా పాఠం చెబుతున్నట్టే చెప్పారు. నాకు ఆయన ఇంటి వరండా గుర్తొచ్చింది. ఫ్యాక్టరీ పనివాళ్ళ పిల్లలం ఏడెనిమిది మందిమి సాయంత్రాలు అక్కడ చాప మీద కూర్చునేవాళ్ళం. ఒకరోజు సోడా సీసా ఊపి మూత తీశారు. అందరి మీదా నురగ పడింది. “ఈ బుడగల్లో ఉన్నది బొగ్గుపులుసు వాయువు. నీళ్ళలో కలిస్తే ఆమ్లం, నీళ్ళు పోగొట్టుకుంటే ఉత్త గాలి. నీళ్ళు పోగొట్టుకున్న ఆమ్లాన్ని అన్‌హైడ్రైడ్ అంటారర్రా. గంధకం కాల్చి చేసే పొగా అంతే, మన ఫ్యాక్టరీ పొడీ అంతే. అన్నిటికీ దాహమే. సోడా బుడగకి దాహం తక్కువ, ఆ పొడికి మాత్రం మనిషిని కాల్చేసేంత దాహం” అన్నారు. నన్ను సైకిలు మీద తీసుకెళ్ళడానికి వచ్చి గేటు దగ్గర నిలబడ్డ మా అన్న, “మా చెల్లి కూడా అదే జాతి మాస్టారూ, రోజంతా మంచినీళ్ళు మంచినీళ్ళు అంటుంది” అన్నాడు. అందరూ నవ్వారు. మాస్టారు అందరికంటే గట్టిగా నవ్వారు. అప్పటి నుంచే మా ల్యాబులో ఈ పరీక్షను దాహం పరీక్ష అంటున్నాం. పేరు పెట్టింది ఆయనే.

అన్న ఐదో తరగతితో బడి మానేశాడు. ఇంట్లో ఒకరే చదవగలరని తేలినప్పుడు ఆ ఒకరు నేనని నిర్ణయించింది వాడే. నాకు ఏ సబ్జెక్టు బాగా వస్తుందో చెప్పింది మాస్టారు. నన్ను ఈ ఇద్దరే తయారు చేశారని నేను ఎవరడిగినా చెప్పేదాన్ని.

“రేపు విచారణలో ఈ మాటే చెప్పండి మాస్టారూ” అన్నాను. “ఇప్పుడు నాతో అన్నారే, అంతే చెప్పండి చాలు. భుజం నొప్పి అని కూడా చెప్పండి.”

“పదకొండు నెలలుంది నా రిటైర్మెంటుకి.”

“అన్నకు కన్ను ఒక్కటే ఉంది.”

“నేను చెప్పలేను తల్లీ.”

“అయితే నేను చెబుతాను.”

“ఏమని చెబుతావు?” గొంతు పెంచలేదు. లెక్కలో ఎక్కడ తప్పు పోయిందో అడిగినట్టే అడిగారు. “చీటీ ఉండేదంటావు. చూపించమంటారు. సీసా చూపిస్తావు. దాని మీద ఎవరి ముద్ర ఉంది? ఆరో డ్రమ్ము, ఏడో డ్రమ్ము తెరిపిస్తావు. వాటి చీటీల మీద ఎవరి ముద్ర ఉంది? ఆ రోజు నువ్వు ఎన్నింటికి బయటికి వెళ్ళావో ఎక్కడైనా రాసి ఉందా? ఏడూ అయ్యాకే బస్సెక్కావంటారు.”

“మీరు పంపారు. మీకు తెలుసు.”

“నాకు తెలుసు” అన్నారు. గ్లాసు ఎత్తి టీ ఒక గుక్క తాగారు.

అప్పుడే నాకు ఒక మాట తట్టింది. చీటీని అంత జాగ్రత్తగా మసి చేసిన మనిషి, దానికి తోడున్న సీసాను ఎలా వదిలేశారు? అల్మరా తాళం ఆయన దగ్గరే ఉంటుంది కదా.

“చీటీ కాల్చారు సరే. ఈ సీసా తీసేయడం మర్చిపోయారు మాస్టారూ.”

ఆయన కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడుచుకున్నారు. 

“మర్చిపోలేదు తల్లీ.”

అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. విచారణలో ఎవరైనా గట్టిగా తవ్వితే, చీటీ ఉండేదని ఎవరైనా సాక్ష్యం చెబితే, అప్పుడు చూపించడానికి అల్మరాలో ఒక సీసా ఉండాలి. దాని మీద నాలుగో నంబరు ఉండాలి. అన్న తప్పు కాదని తేలితే తర్వాత మెట్టు నాది. ఆయన దాకా రాదు. నేను రోజూ సాయంత్రం ఆయన ఎదుట కూర్చుని ఏడుస్తుంటే, ఆ సీసా మా ఇద్దరికీ పది అడుగుల దూరంలో అలాగే ఉంది.

నా టీ మీద మీగడ కట్టింది. లేచి నిలబడ్డాను. సీసాను నా క్యారేజీ సంచిలో వేసుకున్నాను. ఆయన ఆపుతారనుకున్నాను.

“తీసుకెళ్ళు. నీదేగా” అన్నారు. నేను తలుపు తీస్తుంటే మళ్ళీ, “ఆ రెండు డ్రమ్ములూ విచారణ అయ్యాక నేనే పక్కన పెట్టిస్తాను, నువ్వు కంగారు పడకు. మీ ఇంటికి నేను చేయాల్సింది కూడా చేశాను. మధ్యాహ్నం వెళ్ళొచ్చాను” అన్నారు.

ఏం చేశారని అడగలేదు. తలుపు మూయకుండానే గేటు వైపు నడిచాను.

*

ఫ్యాక్టరీ గేటు నుంచి మా క్వార్టర్సుకు నడిస్తే పావుగంట. ఆ రోజు అరగంటకు పైనే పట్టింది. దారిలో ఒక నిర్ణయానికి వచ్చాను. రేపు సీసా బల్ల మీద పెడతాను. చీటీ ఉండేది, కట్టింది నేనే అని చెబుతాను. మాస్టారి పేరు ఎత్తినా ఎవరూ నమ్మరు. అలాంటప్పుడు ఎత్తడం దేనికి? నా ఉద్యోగం పోతుంది, పోనీ. కేసు పెడితే పెడతారు. అన్నది తప్పు కాదని రాతలో పడాలి, కంటి వైద్యం జరగాలి. డిగ్రీ ఉంటే ఎక్కడైనా బతకొచ్చు అని అన్నే అంటుంటాడు. ఆ డిగ్రీ కాగితాన్ని మాత్రం యూనివర్సిటీ వాళ్ళిచ్చిన అట్ట గొట్టంలోంచి ఇంకా తీయలేదు. ఆ రోజు బస్సు దిగి నేరుగా ఆసుపత్రికే వెళ్ళాను. అట్ట గొట్టం అప్పట్నుంచి బీరువా మీదే పడి ఉంది.

అన్న మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎడమ కంటికి కట్టు, కుడి కంటి మీద పలచటి గుడ్డ. నా చెప్పుల చప్పుడు పట్టి, “ఏమ్మా డిగ్రీ, ఇవాళ తొందరగా తరిమేశారా?” అన్నాడు. సర్టిఫికెట్టు వచ్చిన దగ్గర్నుంచీ నన్ను అలాగే పిలుస్తున్నాడు.

నేను పక్కన కూర్చున్నాను.

“అన్నయ్యా, ఐదో డ్రమ్ముకు చీటీ ఉంది. నాకు తెలిసిపోయింది.”

వాడి ముఖంలో కనబడే సగం బిగుసుకుపోయింది.

“ఎవరు చెప్పారు?”

“సీసా చెప్పింది.”

“సీసాలు కూడా మాట్లాడుతున్నాయా మీ ల్యాబులో” అన్నాడు. నవ్వబోయి, కాలిన చోట లాగి ఆగాడు. తర్వాత చాలా నెమ్మదిగా, “అవతల పారెయ్యి దాన్ని” అన్నాడు.

“నీకు గుర్తుందా చీటీ?”

“ఎందుకు గుర్తుండదే? పైపు విప్పే ముందు చూశాను. నాలుగు. మీరు రాసే మిగతా రాతలు నాకు తెలియవు గానీ నీ నాలుగు నాకు తెలియదా?” చెయ్యి చాచి నా తల వెతుక్కున్నాడు. “ఆ రోజు నువ్వు తొందరలో ఉన్నావు. బస్సుకు పంపింది నేనే కదా. ఒక డ్రమ్ము సరిగ్గా చూసి ఉండవు. ఎవరికైనా జరుగుతుందే. నువ్వు దాని గురించి మనసు పాడు చేసుకోకు.”

 ఇన్ని రోజులూ గోడవైపు తిరిగి పడుకున్నది ఇందుకన్నమాట. తన కన్ను పోగొట్టింది నేనేనని అనుకుంటూ, నేను అన్నం తినిపిస్తే తిన్నాడు, మందు వేస్తే వేయించుకున్నాడు. ఒక్కమాట అడగలేదు.

“నేను కాదన్నయ్యా. ఒట్టు. నేను చేయలేదు, మాస్టారు చేశారు.”

“సరేలే. నువ్వు కాదు” అన్నాడు. చిన్నప్పుడు నేను పలక పగలగొట్టి పిల్లి పగలగొట్టిందంటే కూడా వాడు ఇలాగే అనేవాడు. అదే గొంతు.

“నిజంగా అన్నయ్యా! నమ్మవా?”

“నమ్మాను. ఇక ఆ గొడవ వదిలెయ్. అయిపోయింది కూడా. మధ్యాహ్నం మాస్టారు కాగితం తెచ్చి చదివి వినిపించారు. చీటీ లేకుండా నేనే కడిగానని. చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించారు. ఇక విచారణ పేరుకే. నా మంచి కోరే చెబుతున్నారే ఆయన. ‘ఇంకా లోతుకు వెళితే మీ చెల్లి నంబరు బయటపడుతుంది రా’ అన్నారు.”

కాగితం మీద సంతకం పడింది. ఆ మాట చెవిన పడగానే పంపు బాబాయి, అతని స్టూలు, తాళం గుర్తొచ్చాయి. ఇంకా దేన్నో వెతుకుతున్నట్టు ఇల్లంతా చూశాను. వంటగదిలో దీపం లేదు. పొయ్యి మీద గిన్నె బోర్లించి ఉంది.

“వదినేది?”

“అదే చెప్పబోతున్నా. నన్ను తీసేసినా మనం వీధిన పడకూడదని మాస్టారు పైవాళ్ళతో మాట్లాడి నా పని మీ వదినకు ఇప్పించారు. నాలుగింటి షిఫ్టు. ఇవాళే మొదలు. కొత్త కదా, మూడింటికే వెళ్ళింది.” అన్న గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. “నా బూట్లే వేసుకెళ్ళింది. పెద్దవయ్యాయని ముందు కాగితాలు కుక్కుకుంది. నవ్వొచ్చిందనుకో. గోడవారన రెండు డ్రమ్ములున్నాయట, యార్డు వాళ్ళు వాటితో మొదలెట్టమన్నారట.”

“ఏం చెప్పి పంపావు అన్నయ్యా వదినకు?”

“ఏం చెబుతాను? చీటీ లేకుండా ముట్టుకోవద్దన్నాను. నా పొరపాటు అదేనని చెప్పాను. చీటీ ఉంటే భయం లేదన్నాను.” కాస్త ఆగి, “నీ సంగతి దానికి చెప్పలేను కదే” అన్నాడు.

గోడ గడియారంలో నాలుగూ పది. ఫ్యాక్టరీ లోపలికి ఫోన్లు రానివ్వరు. వదిన ఫోను కిటికీ గట్టు మీదే ఉంది.

“అన్నయ్యా, ఆరు, ఏడు కూడా అలాంటివే.”

వాడు మంచం దిగబోయి బల్లను గుద్దుకున్నాడు. మందు సీసా కింద పడి దొర్లింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాను.

ఈపాటికి తాళం తీసేసి ఉంటారు. మాస్టారు ఆ డ్రమ్ములు పక్కన పెట్టిస్తానన్నది రేపు. వదిన జాగ్రత్త మనిషి. మొదటి రోజు కదా, ఏదీ తొందరపడి చేయదు. ముందు చీటీ వెతుకుతుంది. దాన్ని తిప్పి వెలుతురుకు పట్టి చూస్తుంది. నాలుగో నంబరు కనబడుతుంది. అది నా నంబరని ఆమెకు తెలుసు.

చూసి, ధైర్యంగా పైపు విప్పుతుంది.